ట్యాంక్ పచ్చగైతే మందు పోయకండి, ముందు లైటు బంద్ చేయండి

జైనూర్ నుంచి మాట్లాడుతున్న. ఎండలు మొదలైతే చాలు, నాకు ఒకటే రకం ఫొటోలు వస్తయి. అక్వేరియం ఫొటో. లోపల చేపలు ఉన్నయో లేవో కూడ కనపడదు, నీళ్లు అంత పచ్చగ ఉంటయి. కింద ఒకటే ప్రశ్న: "అన్నా, ఏం మందు పోయాలె?"

మందు సంగతి తర్వాత చెప్త. ముందు ఈ నాచు ఎందుకొస్తదో తెలుసుకుందాం.

మన దగ్గర పత్తి చేనుకు డీఏపీ ఎందుకు వేస్తరు? అండ్ల నూటికి 18 పాళ్లు నత్రజని, 46 పాళ్లు భాస్వరం ఉంటది. మొక్కకు అదే తిండి. మీ ట్యాంక్‌ల కూడ అదే నడుస్తున్నది. చేపలు తినగా మిగిలిన గింజలు అడుగున కుళ్లుతయి, చేపల మలం కూడ అక్కడే చేరుతది. ఇదంతా అమ్మోనియా అయితది. ఫిల్టర్ స్పాంజిల, గులకరాళ్ల మీద ఉండే బ్యాక్టీరియా ఆ అమ్మోనియాను నైట్రైట్ చేస్తది, తర్వాత నైట్రేట్ చేస్తది. నైట్రేట్ అంటే నాచుకు ఎరువే. హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ నీళ్లు పచ్చగ ఎందుకుంటయి? మురుగునీళ్లతో వచ్చి చేరిన నత్రజని, భాస్వరం వల్లనే. ఆ చెరువు కథ మన హాల్‌ల చిన్నగ జరుగుతున్నదంతే.

ఎరువు ఒక్కటే ఉంటే సరిపోదు, వెలుతురు కూడ కావాలె. వెలుతురు మన చేతుల ఉన్నది, అందుకే నేను ముందు లైటు గురించే అడుగుత. చానమంది ఇండ్లల్ల పొద్దున లేవంగనే ట్యాంక్ లైటు వేస్తరు, రాత్రి టీవీ బంద్ చేసేటప్పుడు ఆర్పుతరు. అంటే 14, 15 గంటలు. ట్యాంక్‌కు 6 నుంచి 8 గంటలు చాలు. చేపకైతే అంత కూడ అవసరం లేదు, లైటు మనం చూసుకోవడానికే. ఒక టైమర్ ప్లగ్ కొనుక్కోండి. మీరు మరిచిపోయినా అది మరువదు.

ఇగ కిటికీ. ఎండ నేరుగ పడే చోట ట్యాంక్ ఉంటే, లైటు ఎన్ని గంటలు తగ్గించినా లాభం తక్కువ. జాగ మార్చండి. కానీ నిండుగ ఉన్న ట్యాంక్‌ను ఇద్దరు కలిసి లేపుదామని చూడకండి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ట్యాంక్‌ల దాదాపు 56 లీటర్లు పడతయి, అంటే నీళ్ల బరువే 56 కిలోలు. అద్దం అతుకులు ఇడుస్తయి. జాగ లేకపోతే కిటికీ దిక్కు ఉన్న అద్దానికి బయట నుంచి అట్ట అంటించండి, చాలు.

కొత్త ట్యాంక్‌ల గోధుమ రంగు పొడి లెక్క పట్టిందా? అది డయాటమ్, కొన్ని వారాలల్ల తనంతట తనే తగ్గుతది, కంగారు వద్దు. అద్దం మీద పచ్చటి చుక్కలైతే పాత ఏటీఎం కార్డుతో గీకండి. నీళ్లే పచ్చగైతే చేయాల్సిన పని వేరు. మూడో వంతు నీళ్లు మార్చి, లైటు ఆపి, ట్యాంక్ మీద మందపాటి దుప్పటి కప్పి మూడు నాలుగు రోజులు చీకట్ల పెట్టండి. ఆ రోజుల్ల తిండి వేయొద్దు. ఆరోగ్యంగ ఉన్న పెద్ద చేపలకు దాంతో ఏం కాదు. గాలి మోటర్ మాత్రం అస్సలు ఆపొద్దు. దుప్పటి తీసినంక మళ్ల మూడో వంతు మార్చండి.

గాలి మోటర్ ఎందుకంటున్ననో వినండి, అసలు ముచ్చట ఇదే. వెలుతురు లేనప్పుడు నాచు ఆక్సిజన్ ఇవ్వదు, పైగా తనే వాడుకుంటది. చచ్చిన నాచు కుళ్లేటప్పుడు ఇంకా ఎక్కువ పోతది. వేడి నీళ్లల్ల ముందే ఆక్సిజన్ తక్కువ. 20 డిగ్రీల నీళ్లు లీటరుకు దాదాపు 9 మిల్లీగ్రాములు పట్టుకుంటయి, 30 డిగ్రీలకు పోతే ఏడున్నర. మే నెలల పచ్చటి ట్యాంక్‌ల మందు పోసిండ్రనుకోండి, నాచంతా ఒక్కసారే చస్తది. అదే రాత్రి కరెంటు పోయి మోటర్ ఆగితే, తెల్లారేసరికి చేపలు పైన తేలుతయి. చాన మందులల్ల రాగి కూడ ఉంటది, అది నత్తలకు, రొయ్యలకు విషమే. అందుకే నేను మందు చెప్పను. ఆ పైసలతో బ్యాటరీ గాలి మోటర్ కొనండి.

మందు తర్వాత చేపలను చంపేది ఆదివారం కడుగుడు. చేపలన్నిటిని బకెట్ల వేసి, రాళ్లు, ఫిల్టర్, అద్దం అన్నీ నల్లా కింద తళతళ కడుగుతరు. మిషన్ భగీరథ నీళ్లల్ల క్లోరిన్ ఉంటది, దాంతో స్పాంజిల బ్యాక్టీరియా చస్తది. ట్యాంక్ మెరుస్తది, కానీ అమ్మోనియాను మార్చేటోళ్లు ఉండరు. నాలుగు రోజులకు చేపలు పోతయి. అట్ల చేయకండి. వారానికోసారి నాలుగో వంతు నీళ్లు, అడుగున ఉన్న చెత్తతో సహా పైపుతో గుంజి తీయండి. స్పాంజిని ఆ తీసిన నీళ్లల్లనే పిండండి. పోసే నీళ్లు వెడల్పు బకెట్ల ఒక రోజు తెరిచి పెట్టండి, క్లోరిన్ పోతది. బోరు నీళ్లయితే క్లోరిన్ ఉండదు. కానీ చేన్ల పక్క బోరుల నైట్రేట్ ముందే ఉండొచ్చు. టెస్ట్ స్ట్రిప్‌తో ఒకసారి చూడండి.

తిండి రెండు నిమిషాలల్ల తినేంతే వేయండి. మనీ ప్లాంట్ కొమ్మ ఒకటి తెచ్చి, ఆకులు బయట, వేర్లు నీళ్లల్ల ఉండేటట్టు పెట్టండి. నాచు తినే ఎరువులో అది వాటా తీసుకుంటది. కొంచెం నాచు మిగిలితే మిగలనీ. గప్పీలు, మోలీలు దాన్ని గీక్కుని తింటయి. అద్దాల షోరూం లెక్క మెరిసే ట్యాంక్ కంటె అదే నాకు నచ్చుతది.

ఇంకొకటి. షాపుల "సక్కర్ ఫిష్ వేస్కోండి, నాచంతా తింటది" అంటరు. వేలంత ఉన్నప్పుడు తింటది, నిజమే. పెద్దగైతే అడుగు దాటుతది, నాచు తినుడు తగ్గుతది, మలం పెరుగుతది. అప్పుడు కొందరు తీస్కపోయి వాగులనో చెరువులనో ఇడుస్తరు. అది దక్షిణ అమెరికా చేప. ఒంటి మీద ఎముక పెంకు ఉంటది, ఇక్కడి చేపలేవీ దాన్ని సులువుగ తినలేవు. తెలుగు రాష్ట్రాలల్ల జాలర్ల వలల్ల ఇప్పటికే పడుతున్నది, వలలు చింపుతున్నది, దెయ్యం చేప అని పేరు కూడ పెట్టిండ్రు. మన వాగుల నీళ్లు కడెం దిక్కు, పెద్దవాగు దిక్కు పోయి గోదావరి దాక చేరుతయి. మీ దగ్గర పెద్ద సక్కర్ ఉంటే కొన్న షాపుకే వాపస్ ఇవ్వండి, లేకపోతే పెద్ద ట్యాంక్ ఉన్నోళ్లకు ఇవ్వండి. నీళ్లల్ల మాత్రం ఇడువకండి.

ఈ రోజు రాత్రి మీ ట్యాంక్ లైటు ఎన్ని గంటలు వెలిగిందో లెక్కపెట్టి నాకు రాయండి. చలికాలం హీటర్ ముచ్చట ఇంకో ఎపిసోడ్‌ల మాట్లాడుకుందాం. ఉంట మరి.