చెంచాలోని పగులు

సోదరులారా! రాజ్యాధికారం ఉన్నప్పటికీ దావూద్ ప్రవక్త (అలైహిస్సలాం) తన చేతి కష్టంతోనే జీవించారని దైవప్రవక్త (సఅసం) తెలియజేశారు. మన ఉదయగిరిలో దుర్గం కొండ కలపతో చెంచాలు, గరిటెలు చెక్కే కుటుంబాలదీ అదే మార్గం. వారిలో అధికులు మన సోదరీమణులే.

అయితే చేతిపని అయినంత మాత్రాన సంపాదన హలాల్ అయిపోదు. పగిలిన చెంచాలో జిగురు, రంపపు పొట్టు నింపి నునుపు చేస్తే కొనేవారికి కనబడదు; అల్లాహ్‌కు కనబడుతుంది. తడిసిన ధాన్యాన్ని కుప్ప అడుగున ఉంచిన వర్తకుణ్ణి దైవప్రవక్త (సఅసం) మందలించారు. దానిని పైన ఉంచవలసిందన్నారు. కనుక మనం లోపాన్ని చెప్పి, ధర తగ్గించి అమ్ముదాము. చెక్కిన సోదరికి చెమట ఆరకముందే కూలి చెల్లిద్దాము. లాభం తగ్గినా బర్కత్ తగ్గదు.

అల్లాహ్ మనకు ఆ సౌభాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.