ఇంటి పాటకు ఆర్.డిస్. నంబరు

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం ఇలా కలుసుకోవడానికి కారణం మీకందరికీ తెలిసిందే. 1982లో అదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో పెన్షను దయాధర్మం కాదు, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అని తీర్పు చెప్పింది. డి.ఎ. సంగతులూ, వైద్యం బిల్లుల సంగతులూ నాకన్నా బాగా తెలిసిన మిత్రులు ఇంతకుముందే వివరించారు. నాకు అప్పగించిన అంశం వేరు. “మీ ఇంట్లో వాయిద్యం లేకుండా అందరూ కలిసి ఒక పాట రికార్డు చేశారట, అది ఎలా చేశారో చెప్పండి” అన్నారు కార్యదర్శి గారు. నేను సంగీత విద్వాంసుణ్ని కాను. డెబ్బై అయిదేళ్ల రిటైర్డు గుమాస్తాని. కాబట్టి గుమాస్తా చెప్పినట్టే చెబుతాను.

మాది రెవెన్యూ శాఖ. ఫైలు ముగిసినప్పుడు దాని మీద ఏం రాసేవాళ్లమో ఈ హాల్లో సగం మందికి గుర్తుండే ఉంటుంది. ఆర్.డిస్. అని రాస్తే ఆ కాగితం రికార్డు రూములో శాశ్వతంగా ఉంటుంది. ఎల్.డిస్. అని రాస్తే కొద్దికాలం ఉంచి నాశనం చేయడమే. మన అమ్మల నోట, అక్కల నోట ఉన్న పాటలను కాలం ఎవరి ఆర్డరూ లేకుండానే ఎల్.డిస్. కట్టలో పడేసింది. వాటిలో ఒక్కదానికైనా ఆర్.డిస్. నంబరు వేయాలన్నదే మా ప్రయత్నం.

మా పెద్దక్కయ్యకు ఎనభై మూడేళ్లు. మా ఊరు కోనసీమలో ఒక పల్లె. మా చిన్నతనంలో ఇంటికి కావలసిన బియ్యం ఇంట్లోనే దంచుకునేవారు. ఒకే రోటి చుట్టూ ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు నిలబడి, ఒకరి రోకలి లేస్తుంటే మరొకరి రోకలి దిగేటట్టు పోట్లు వేసేవారు. ఆ వరుస తప్పితే రోకలికి రోకలి తగులుతుంది, లేదా చెయ్యి నలుగుతుంది. అందుకని పాట వాళ్లకు కాలక్షేపం కాదు, పనిముట్టు. ఒకరు చరణం అందుకుంటే మిగిలినవారు ‘సువ్వి’ అంటూ వంత పలికేవారు. తరువాత ఊరూరా మిల్లులు వచ్చాయి. ఆడవాళ్ల రెక్కలకు సుఖం వచ్చింది, అది మంచిదే. కాని పాటకు పని పోయింది. ఆ పాటకు పెన్షను ఇచ్చినవాడు లేడు.

అక్కయ్యకు వచ్చిన పాటల్లో ఒకటి, అన్న ఎప్పుడు వస్తాడా, పుట్టింటికి ఎప్పుడు తీసుకెళతాడా అని ఎదురుచూసే కోడలి కథ. పదకొండు చరణాలు. వరుస తప్పకుండా అన్నీ చెప్పగలిగినది మా వంశంలో ఆవిడ ఒక్కతే. రెండేళ్ల క్రితం సంక్రాంతికి పాడినప్పుడు ఎనిమిదో చరణం దగ్గర ఆగిపోయి, కాసేపు గోడవంక చూసి, తొమ్మిదో చరణం అందుకుంది. అది చూసి మా ఆవిడ నా మోచెయ్యి పొడిచింది. మరునాడే ఫోనులో రికార్డు చేద్దామని కూర్చున్నాం.

అక్కడే చిక్కు వచ్చింది. అక్కయ్య రెండు చరణాలు పాడి ఆపేసింది. “ఒరే తమ్ముడూ, దంపుళ్ల పాట ఒక్కదాన్నే పాడితే ఏడుపులా ఉంటుందిరా. వంత ఏదీ?” అంది. న్యాయమైన ప్రశ్న. వంత పలకవలసిన వాళ్లలో మా ఆవిడ ఇక్కడ ఉంది. మా వదిన హైదరాబాదులో కొడుకు దగ్గర ఉంది, వారానికి మూడుసార్లు డయాలసిస్, ప్రయాణం కుదరదు. మా మేనకోడలు అమెరికాలో డాలస్‌లో ఉంది. వీళ్లందరినీ ఒక రోటి చుట్టూ చేర్చడం ఎలా? ఇంజనీరింగు చదువుతున్న మా మనవరాలు దానికి దారి చెప్పింది. ఎవరి ఇంట్లో వారు విడివిడిగా పాడితే, ఆ గొంతులను ఒకదానిమీద ఒకటి పొరలుగా పేర్చవచ్చునట.

ఇది కొత్త విద్య ఏమీ కాదు. ఎడిసన్ 1877లో మాటను యంత్రంలో పట్టాడు. మన దేశంలో 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గొంతు రికార్డుకెక్కింది. తరువాత అమెరికాలో లెస్ పాల్ అనే గిటారు విద్వాంసుడు ఒక రికార్డింగు మీద మరొకటి పేర్చే పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చాడు. ఆయన, ఆయన భార్య మేరీ ఫోర్డ్ కలిసి 1951లో విడుదల చేసిన పాటలో ఆమె ఒక్క గొంతే పలు గొంతులుగా వినిపిస్తుంది. 1988లో బాబీ మెక్‌ఫెరిన్ అన్నీ తన గొంతుతోనే, ఒక్క వాయిద్యం లేకుండా చేసిన పాట అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది. మన దగ్గర 1993లో ‘దొంగ దొంగ’ చిత్రంలో రెహమాన్ ఒక పాటను దాదాపు గొంతులతోనే నడిపించాడు. వాయిద్యం లేని పాటను ఇటాలియన్ భాషలో ‘ఆ కాపెల్లా’ అంటారు. చర్చి పద్ధతిలో అని దాని అర్థం.

మన జానపదానికి ఈ పద్ధతి పొసుగుతుందా అని మీలో కొందరికి సందేహం రావచ్చు. మన పాటలో గొంతుల మేళవింపు మొదటినుంచీ ఉంది. బుర్రకథలో కథకుడికి ఇరుపక్కలా ఇద్దరు వంతలు లేరా? అయితే మనకు వంత అంటే అదే వరుసను తిరిగి పలకడం. ఒకే సమయంలో వేరు వేరు స్వరాలు పలకడం పాశ్చాత్యుల పద్ధతి. అదీ మన జిల్లాలకు కొత్త కాదు. గుంటూరు, రాజమండ్రి ప్రాంతాల లూథరన్ చర్చిల్లో క్వయర్లు నాలుగు గొంతులతో తెలుగు కీర్తనలు పాడతాయి. మన సంఘ సభ్యులే ఒకరు, ఖజానా శాఖలో చేసి రిటైరైన మిత్రులు, అలాంటి క్వయర్‌లో ముప్ఫై ఏళ్లు మంద్రం పాడారు. ఆయన మా ఇంటికి వచ్చి పాట రెండుసార్లు విని, “పాటను కదపొద్దు. కింద ఒక పంచమం, పైన అక్కడక్కడ ఒక తోడు, అంతే చాలు” అన్నారు.

శ్రుతి సంగతి చెప్పాలి, మన వయసువారికి అవసరం. వయసు పైబడితే ఆడవారి గొంతు కిందికి దిగుతుంది, మగవారి గొంతు కొంచెం పైకి పోతుంది, ఊపిరి ఇద్దరికీ తగ్గుతుంది. పడుచుదనంలో అయిదున్నర శ్రుతిలో పాడిన అక్కయ్యకు ఇప్పుడు నాలుగు శ్రుతి హాయిగా ఉంది. నా గొంతు ఒకటి శ్రుతి. నాలుగు శ్రుతిలో పాడేవారికి ఆ ఒకటి శ్రుతి షడ్జమమే మంద్ర పంచమం అవుతుంది. అంటే నేను నా ‘స’ పట్టుకు నిలబడితే అక్కయ్య పాటకు కింద ‘ప’ దానంతటదే పలుకుతుంది. నాకు వచ్చిన సంగీతమంతా ఆ ఒక్క స్వరమే. దానితోనే నాకూ రోటి దగ్గర చోటు దొరికింది.

ఇక పని ఎలా చేశామో చెబుతాను. రాసుకోదలచినవారు రాసుకోండి.

మొదటిది నిశ్శబ్దం. తెల్లవారుజామున నాలుగున్నరకు రోడ్డు సద్దు ఉండదు. ఫ్యాను, ఫ్రిజ్జు ఆపాలి. ఖాళీ గదిలో పాడితే గోడలు తిరిగి పలుకుతాయి. అందుకని మంచాలు, బట్టల బీరువా ఉన్న గది ఎంచుకుని, గోడలకు రెండు బొంతలు వేలాడదీశాం. మడిచిన తువ్వాలు మీద ఫోను పెట్టి, నోటికి జానెడున్నర దూరంలో ఉంచాం. ఫోనును ఎవరూ చేత్తో పట్టుకోకూడదు, గాజులు తగిలినా అందులో పడుతుంది. అయినా అక్కయ్య గాజులు తీయనంది. మేమూ బలవంతపెట్టలేదు.

రెండవది లయ. పోటు లేకుండా అక్కయ్యకు పాట నడవలేదు. రోకలి పడినప్పుడు ఊపిరి బయటికి వస్తుంది, లేచినప్పుడు లోపలికి పోతుంది. మాట విరుపు కూడా ఆ ఊపిరి మీదనే ఆధారపడింది. నిజం రోకలి పెడితే వాయిద్యం అవుతుంది, ఫోను అదిరిపోతుంది. అప్పుడు మా ఆవిడ దూది దిండు ఒకటి ఒళ్లో పెట్టి, చేతికి పప్పుగుత్తి ఇచ్చింది. దిండు మీద పోటు వేస్తూ అక్కయ్య పదకొండు చరణాలూ పాడింది. ఎనిమిదోది తనంతట అదే వచ్చింది. చెయ్యి ఆడితే మాట వచ్చిందన్నమాట.

మూడవది పొరలు. అక్కయ్య పాట ఆధారం. మిగిలినవారు దాన్ని చెవిలో ఇయర్‌ఫోనుతో వింటూ, ఇంకొక ఫోనులో తమ గొంతు రికార్డు చేయాలి. చెవిలో పాట బయటికి వినిపించకూడదు. వైరు ఉన్న ఇయర్‌ఫోనే వాడాలి, వైరు లేని వాటిలో పాట లిప్తకాలం ఆలస్యంగా చేరుతుంది, ఆ లిప్తే పోటు తప్పిస్తుంది. ఆధారం మొదట్లో మూడు చప్పట్లు ఉంచాం. ప్రతివారూ ఆ చప్పట్లతో పాటు తామూ చప్పట్లు కొట్టి పాట మొదలుపెట్టాలి. తరువాత కంప్యూటరులో చప్పట్ల గీతలు ఒకదాని కింద ఒకటి చేరిస్తే పాట అంతా వరుసలో పడుతుంది. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో మా మనవరాలు ఆ పని చేసింది. మరొక్క మాట. దూరాన ఉన్నవారు రికార్డును వాట్సాప్‌లో వాయిస్ మెసేజిగా పంపితే శబ్దం నలిగిపోతుంది. రికార్డు చేసిన ఫైలును డాక్యుమెంటుగా పంపమని చెప్పండి.

ఆరు గొంతులు చేరాయి. అక్కయ్య నడుమ, మా ఆవిడ ఒక చెవి వైపు, వదిన రెండో చెవి వైపు, మేనకోడలు పైన తోడు, కింద మిత్రుల మంద్రం, నా పంచమం. అన్నీ ఒకే మోతలో పెడితే సంతలా ఉంది. వంతలను సగానికి తగ్గించాక రోలు కనిపించింది.

అప్పుడు ఇంట్లో ఒక వాదం వచ్చింది. అక్కయ్య గొంతు చివరి చరణాల్లో వణికింది, ఒకటి రెండు చోట్ల శ్రుతి దిగింది. దాన్ని కంప్యూటరుతో సరిచేయవచ్చునని మనవరాలు అంది, ఒక చరణం సరిచేసి వినిపించింది కూడా. నున్నగా, బాగానే ఉంది. అక్కయ్య విని, “ఎవరమ్మా ఈ అమ్మాయి? చక్కగా పాడుతోంది” అంది. ఎవరూ ఏమీ అనలేదు. మనవరాలే ఆ చరణాన్ని చెరిపేసి పాతది పెట్టింది.

మిత్రులారా, ఇదంతా ఒక వినోదంగా మొదలైంది. మూడు నెలల తరువాత మా వదిన కాలం చేసింది. పన్నెండో రోజు బంధువులంతా వెళ్లిపోయాక మా అన్నగారి అబ్బాయి నన్ను అడిగాడు, “బాబాయ్, ఆ పాటలో అమ్మది ఒక్కటే వినిపించగలవా?” అని. అందరినీ కూర్చోబెట్టి ఒకే ఫోనులో రికార్డు చేసి ఉంటే అది సాధ్యమయ్యేది కాదు. విడివిడిగా చేశాం కాబట్టి మిగిలిన అయిదు గొంతులూ ఆపి ఆమెది ఒక్కటే వేశాను. వంత మాత్రమే పాడింది కనుక చరణం నడిచినంతసేపూ ఏమీ వినపడదు. ఆమె ఊపిరి, దూరాన ఎక్కడో కుక్కరు కూత, తన వంతు కోసం ఆమె ఎదురుచూడటం. తరువాత ఒక్క ‘సువ్వి’. మళ్లీ నిశ్శబ్దం. వాడు పదకొండు చరణాలూ అలాగే విన్నాడు.

పుస్తకాల్లో మన పాటలను భద్రపరచిన మహానుభావులు ఉన్నారు. నేదునూరి గంగాధరం గారు పల్లె పల్లె తిరిగి సేకరించారు. బిరుదురాజు రామరాజు గారు జానపద గేయాల మీద పరిశోధించి 1956లో ఉస్మానియా నుంచి డాక్టరేటు పొందారు. వింజమూరి సీత, అనసూయ గార్లు ఈ పాటలను వేదికలకు, రేడియోకు తీసుకువచ్చారు. వారికి మనం రుణపడి ఉన్నాం. కాని అచ్చులో మాట నిలుస్తుంది గాని ఊపిరి నిలవదు. మీ ఇంటి పాటను మీ ఇంటి గొంతులో దాచగలిగినది మీరే.

కాబట్టి సంఘానికి నా సూచన ఒకటి. ప్రతి యూనిట్‌లోను నెలవారీ సమావేశానికి ఒక్కొక్క ఇంటి పాట రికార్డు చేద్దాం. నాట్ల పాట కావచ్చు, లాలిపాట, పెళ్లిపాట, గొబ్బిపాట, బతుకమ్మ పాట ఏదైనా కావచ్చు. ఆరు గొంతులు అక్కరలేదు, రెండైనా చాలు. ఒక రిజిస్టరు తెరుద్దాం. పాట మొదటి మాట, పాడినవారి పేరు, వయసు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ పని చేస్తూ పాడేవారు, రికార్డు చేసిన తేదీ, ఇవి కాలమ్స్. ఈ వివరాలు లేని రికార్డింగు నంబరు లేని తపాలు వంటిది, ఎవరిదో తెలియక మూలన పడుతుంది. ప్రతి పాటకు మూడు నకళ్లు ఉండాలి. ఒకటి ఇంట్లో, ఒకటి పిల్లల దగ్గర, ఒకటి సంఘ కార్యాలయంలో. రిజిస్టరు రాసే బాధ్యత నాకు అప్పగిస్తే సంతోషంగా స్వీకరిస్తాను. గుండ్రంగా రాయడం ఇంకా మరచిపోలేదు.

మనకు ఏటా లైఫ్ సర్టిఫికెట్టు ఇవ్వడం అలవాటు. మనం బతికి ఉన్నామని ఖజానాకు తెలియాలి కదా. ఇంటి పాట బతికి ఉందని కూడా ఎవరో ఒకరు సర్టిఫికెట్టు ఇవ్వాలి. ఎనభై దాటిన అమ్మ, అత్త, అక్క ఉన్న ప్రతి ఇంటివారూ ఈ వారంలోనే మొదలుపెట్టవలసిందిగా మనవి.