కర్రితో వేసవి ప్రయాణము

(వేసవి సెలవులకు ముందు జరిగిన తలిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుల ప్రసంగ పాఠము)



సెలవులకు ముందు జరుగు ఈ సభలో ప్రతి సంవత్సరమును మేము పరీక్షా ఫలితములను గూర్చియు, మరమ్మతు కావలసిన గదులను గూర్చియు మాటలాడుట మీకు అలవాటైన విషయము. ఫలితముల పట్టిక వసారా గోడకు అంటించియున్నాము. గదుల సంగతి మీ కన్నులకే కనబడుచున్నది. కావున నేడు ఆ రెండును విడిచి, 2024వ సంవత్సరము మే నెలలో మేము ఒక కుక్కను వెంటబెట్టుకొని చేసిన ప్రయాణమును గూర్చి చెప్పదలచితిమి. నవ్వదలచినవారు ఇప్పుడే నవ్వవచ్చును. కడపట మమ్ము మందలింపవలెనని తోచినచో అట్లే మందలింపవచ్చును.

బరంపురములో వేసవి ఎట్లుండునో మీకు వేరుగా చెప్పనక్కరలేదు. మేడలమీద గుమ్మడి వడియములు, పాతచీరలపై పరచిన అప్పడములు. వంటయింట ఆవపిండి ఘాటు. మూలను తడిగుడ్డ చుట్టిన నీళ్లకుండ. మధ్యాహ్నము ముంజెలు, సాయంకాలము మల్లెపూవులు. శ్రీరామనవమినాడు మనము పానకము పంచుదుము. ఆ దినములలోనే వచ్చు పణాసంక్రాంతికి పొరుగింటి ఒడియావారు మనకు మారేడుపండు పణా పంపుదురు. రెండేండ్ల కొకసారి ఠాకురాణీ యాత్ర జరుగునపుడు ఏ వీధి ఏ భాషవారిదో చెప్పుట కష్టము. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిస్సా రాష్ట్రము ఏర్పడినపుడు మన పెద్దలలో పలువురు ఇల్లు కదలకయే మద్రాసు రాజధానిని విడిచి ఈ రాష్ట్రమువారైరి. నాటినుండి ఇరుగుపొరుగుతో ఒడియాయును, ఇంటిలో తెలుగును మాటలాడుచు సుఖముగనే జీవించుచున్నాము. అయితే ఆ ఇంటిలోని తెలుగే ఇపుడు సన్నగిల్లుచున్నది. నేటి మా కథకు మూలము ఇదియే.

ఇక కుక్క సంగతి. దాని పేరు కర్రి. అది మేలుజాతి కుక్క కాదు. ఒక వానకాలమున తడిసి మా అరుగుక్రింద దూరిన వీధికుక్క పిల్ల. మా అమ్మగారు దానికి గంజియన్నము పెట్టి పెంచినారు; నల్లగా నుండుటచే కర్రి యని పిలిచినారు. అమ్మగారికి తెలుగు తప్ప వేరొక భాష అంతగా రాదు. కావున కర్రికిని తెలుగే వచ్చును. ‘ఇటు రా’, ‘కూకో’, ‘ఒగ్గెయ్’, ‘పోయి తొంగో’ - ఇంతియే దాని నిఘంటువు. ఇంగ్లీషులో పిలిచినవారి ముఖమువంక అది మర్యాదగా చూచి ఊరకుండును.

ఆ సంవత్సరము సంక్రాంతికి అమ్మగారు నరసన్నపేట దగ్గర పల్లెలోనున్న మా చెల్లెలి యింటికి పోయి, మోకాళ్లనొప్పులచే అక్కడనే ఉండిపోయినారు. నాటినుండి కర్రి రాత్రులందు అన్నము ముట్టుట మానినది. గుమ్మమువద్ద పరుండి వీధివంక చూచుచుండెడిది. సెలవులు రాగానే దానిని ఆమెయొద్దకు చేర్చుటకు నిశ్చయించితిమి.

భువనేశ్వరములోనున్న మా కుమారుని కొడుకు, ఎనిమిదేండ్లవాడు, సెలవులకు మా యింటికి వచ్చియుండెను. వాడు చదువునది ఇంగ్లీషు బడిలో, ఆడుకొనునది ఒడియాలో. తెలుగు వానికి పండుగనాడు తొడుగు పట్టులాగు వంటిది. తెలుగు మాధ్యమ పాఠశాలకు ప్రధానోపాధ్యాయులమైన మా యింటి స్థితి ఇది. మీకు నీతులు చెప్పుచు దీనిని దాచుట న్యాయము కాదు.

కారెక్కగానే మేము వానికొక నియమము పెట్టితిమి. ఊరు చేరువరకు తెలుగు తప్ప వేరుమాట వినబడరాదు. వినబడినచో మాటకొక రూపాయి జరిమానా. ఈ నియమము మీకు క్రొత్తది కాదు. మన పాఠశాలలో నాలుగు, అయిదు తరగతులయందు ఇది చిరకాలముగా నడచుచున్నది. దానిని ప్రవేశపెట్టినది మేమే.

ఆరుగంటలకు బయలుదేరవలసినవారము, ఆవకాయజాడీ కట్టుటలోను, కర్రిని కారెక్కించుటలోను జాగుచేసి తొమ్మిదిన్నరకు కదలితిమి. గిరిసోల దాటి ఇచ్ఛాపురము చేరగానే అంగళ్లపై పేరుపలకలు తెలుగులోనికి మారినవి. మా మనుమడు కిటికీనుండి ఒక్కొక్క యక్షరము కూడబలుకుకొని చదువుచుండ మాకు మిక్కిలి సంతోషము కలిగెను. దారి పొడుగున ఉద్దానపు కొబ్బరితోటలు, జీడితోటలు కనబడినవి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కూల్చివేసిన తోటలను రైతులు మరల నాటిన కథ చెప్పితిమి. కుడివైపున మహేంద్రగిరి కొండలను చూపితిమి. మహేంద్రతనయ వంతెన దాటునపుడు, కుక్కతోక పట్టుకొని గోదావరి ఈదుట యను సామెతను చెప్పగా వాడు కర్రి తోకను చూచి పకపక నవ్వెను.

పిమ్మట ధర్మరాజు కథ చెప్పితిమి. భారతమున మహాప్రస్థానమునకు పోవు పాండవులవెంట ఒక కుక్క నడచినది. తోడివారందరును దారిలో పడిపోయినను అది విడువలేదు. ఇంద్రుడు రథము తెచ్చి, కుక్కను విడిచి ఎక్కుమని కోరగా, నమ్మివచ్చినదానిని విడిచి స్వర్గమునకు రానని ధర్మరాజు పలికెను. ఆ కుక్కయే యమధర్మరాజు. మా మనుమడు కర్రి మెడచుట్టును చేయి వేసి ఈ కథ వినెను. కథ చెప్పిన మేము మిక్కిలి గర్వించితిమి.

పలాస దాటినపిమ్మట, మిట్టమధ్యాహ్నము, రహదారి ప్రక్కనున్న ఒక భోజనశాలవద్ద ఆగితిమి. కుక్కను లోనికి రానీయరు. కారును చింతచెట్టు నీడను నిలిపి, కిటికీ అద్దములు రెండు వ్రేళ్ల మందము దించి, ‘పది నిమిషములే గదా’ యని కర్రిని అందులో విడిచితిమి. ధర్మరాజు స్వర్గద్వారమువద్ద విడువనిదానిని మేము పూటకూటి గుమ్మమువద్ద విడిచితిమి.

పది నిమిషములు ఇరువదియైదైనవి. భోజనమైన తరువాత ప్రక్క అంగడిలో జీడిపప్పు బేరమాడుచు నిలిచితిమి. చింతనీడ ప్రక్కకు జరిగిన సంగతి మేము చూడలేదు. మనుమడు చూచెను. వాడు పరుగున వచ్చి మా చొక్కా పట్టి లాగెను.

“తాతా... కర్రి... కర్రి...”

“ఏమైంది? తెలుగులో చెప్పు.”

“కర్రి నాలుక... నాలుక...”

“కుక్క నాలుక చాపక ఏం చేస్తుంది? పూర్తి వాక్యం చెప్పు.”

వాని పెదవులు కదలినవి, మాట రాలేదు. కన్నుల నీళ్లు తిరిగినవి. అపుడు వాడు చేసిన పని మేము బ్రతికియున్నంతకాలము మరువజాలము. లాగు జేబులోనుండి ఒక రూపాయి తీసి మా చేతిలో పెట్టెను. జరిమానా ముందుగా చెల్లించి, ఆ తరువాత ఒడియాలో కేక వేసెను: కర్రి చచ్చిపోవుచున్నది, నీళ్లు, నీళ్లు అని.

పరుగెత్తి తలుపు తీయగా లోపలినుండి పొయ్యిసెగవంటి గాలి ముఖమునకు కొట్టినది. కర్రి నోట నురుగు కారుచుండెను; కాళ్లు నిలువకుండెను. జీడిపిక్కల పనినుండి భోజనమునకు వచ్చి చెట్టుక్రింద కూర్చున్న ఒక ముసలమ్మ బిందెతో నీళ్లు తెచ్చి దాని పొట్టపైనను, పాదములపైనను పోసినది. “వగరుస్తంది బాబూ, చుట్టూ మూగకండి, గాలాడనియ్యండి” అని మమ్ము ప్రక్కకు నెట్టినది. మా మనుమడు ఆమె ముఖమువంక చూచి, ‘వగరుస్తంది, వగరుస్తంది’ యని రెండుసారులు లోలోపల అనుకొనెను. వానికి కావలసిన మాట అది. మేము అంతవరకు వానికి నేర్పని మాట అది.

దగ్గరిలోని పశువైద్యుడు చికిత్స చేసి, మరికొన్ని నిమిషములు ఆలస్యమైనచో కుక్క దక్కెడిది కాదని చెప్పెను. కుక్కలు పెంచువారు మీలోను కలరు కావున ఆయన చెప్పినది మీకును చెప్పుచున్నాము. మనవలె కుక్కకు ఒడలెల్ల చెమట పోయదు. పాదముల అడుగున కొంచెము పోయును. అది ముఖ్యముగా వగర్చుటచేతనే వేడిని బయటికి పంపుకొనును. దాని సహజమైన దేహోష్ణము సుమారు 38 నుండి 39 డిగ్రీలు. 41 దాటినచో ప్రాణాపాయము. ఎండలో మూసియుంచిన కారులో పది నిమిషములకే వేడి పది డిగ్రీలవరకు పెరుగును. అద్దములు కొంచెము దించినంతమాత్రమున లాభము లేదు. ప్రయాణము తెల్లవారుజామున చేయవలెను. నీళ్లగిన్నెయు, పిచ్చికుక్క వ్యాధి రాకుండ వేయించిన టీకా కాగితమును వెంటనుంచుకొనవలెను. తారురోడ్డుమీద మన అరచేయి కొన్ని క్షణములైన ఆనింపలేనపుడు కుక్కను నడిపింపరాదు. వేడి సోకినచో నీడకు చేర్చి, చల్లని నీటితో తడిపి, గాలి విసరి, వెంటనే వైద్యునియొద్దకు తీసికొనిపోవలెను.

సాయంకాలము పల్లె చేరితిమి. కర్రి అమ్మగారి పాదములవద్ద పడి లేవలేదు. సంగతి యంతయు విని అమ్మగారు మాతో నిట్లనిరి: “మాట రాకపోతే రేపు నేర్పొచ్చు. పేణం పోతే తెస్తావేట్రా?”

యేబది దాటిన వయస్సులో, మనుమని యెదుట, తల్లిచే చీవాట్లు తినుట సులభము కాదు. కాని అవి మాకు తగినవే.

ఆ పల్లెలో మూడు వారములుంటిమి. జరిమానా లేదు. ఉదయము కర్రితోకూడ గెడ్డ ఒడ్డుకు పోయిన పిల్లవాడు ఎండెక్కువేళకు ఇంటికి వచ్చుచుండెను. వచ్చుచు క్రొత్తమాటలు తెచ్చుచుండెను. ముంజెలు చెక్కించుకొన్నచోట ఒక మాట, పశువులను కడిగినచోట ఒక మాట, కర్రి ముల్లు త్రొక్కినపుడు ఒక మాట. రాత్రి వాకిట నులకమంచముపై అమ్మగారి ప్రక్కన పండుకొని వాటిని ఆమెకు అప్పగించుచుండెను. వాడు పాఠము చదువలేదు. కర్రికి ‘ఒగ్గెయ్’ అన్నచోనేగాని అది చెప్పు వదలదు. అమ్మగారిని తెలుగున అడిగిననేగాని ఆమెకు అర్థముకాదు. అవసరము కలిగినది, భాష వచ్చినది. కర్రిని అక్కడనే విడిచి వచ్చునపుడు వాడు ఏడ్చినదియు తెలుగులోనే.

తలిదండ్రులారా, మన రాజ్యాంగమున 1956లో చేర్చిన 350-ఏ అధికరణము అల్పసంఖ్యాక భాషలవారి పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో చెప్పుటకు తగు సౌకర్యములు కల్పింపవలెనని ఆదేశించుచున్నది. దానిని ఆధారము చేసికొని బడికొరకు ఎన్నో అర్జీలు వ్రాసితిమి; ఇకముందును వ్రాయుదుము. కాని ఇంటి వంటగదికిని, మేడమీది వడియములకును ఏ అధికరణమును వర్తింపదు. అచ్చట తెలుగు నిలుపవలసినవారు మీరే.

అందుచే రెండు మాటలు మనవి చేయుచున్నాము. ఒకటి మా తప్పు దిద్దుకొనుట. నాలుగు, అయిదు తరగతులలోని జరిమానా నియమమును ఈ దినమునుండి రద్దు చేయుచున్నాము. భయపడిన పిల్లవానికి వచ్చిన భాషకూడ నోటికి రాదు. పిల్లవాడు తన కష్టమును ఏ భాషలోనైనను ముందు చెప్పుకొననిండు; మనము విని, కావలసిన సహాయము చేసి, ఆ పిమ్మట దానికి తెలుగుమాట అందింతము. రెండవది మీ వంతు. ఈ సెలవులలో పిల్లలకు తెలుగుతో పని కల్పింపుడు. ఆవకాయ కలుపునపుడు ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. తాతలయొద్దకు, మామ్మలయొద్దకు పంపుడు. ఇంట కుక్కయో ఆవో యున్నచో దాని పోషణను వారికి అప్పగించి, దానితో తెలుగున మాటలాడనిండు. అది తప్పులు దిద్దదు, పూర్తి వాక్యము అడుగదు.

ఆ రూపాయిని మా మనుమనికి తిరిగి ఈయబోగా, ‘జరిమానా కదా తాతా’ యని వాడు పుచ్చుకొనలేదు. అది మా బల్ల సొరుగులో నున్నది. ఏ పిల్లవానిమీదనైనను మాకు కోపము వచ్చినపుడు సొరుగు తెరచి దానిని చూచుకొనుచున్నాము.

మీకును మీ బిడ్డలకును ఈ వేసవి చల్లగా గడచుగాక. సెలవు.