రైతు కుటుంబంలో ఆరోగ్యపుటలవాట్లు



రోహిణి కార్తె వచ్చింది. రోహిణి ఎండలకు రోళ్ళు పగులుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు. ఈ రోజుల్లో నలుగురు రైతులు కలిస్తే విత్తనాల గురించీ, దుక్కుల గురించీ, ఎరువుల గురించీ మాట్లాడుకుంటారు. అది సహజమే. అయితే ఈ పూట నేను విత్తనాన్ని గురించి గాక, విత్తే మనిషిని గురించి నాలుగు మాటలు మనవి చేయదలిచాను.

ఎద్దు కుంటితే ఆ పూట మనం కాడి కట్టం. మోటారు వేడెక్కితే ఆపి చల్లారనిస్తాం. ఒళ్ళు మొరాయిస్తే మాత్రం, "ఈ మడి అయిపోనీ, తర్వాత చూద్దాం" అంటాం. ఆ తర్వాత ఎప్పటికీ రాదు. తొలకరి వేళ ఇంటి పెద్ద పది రోజులు మంచాన పడితే అదును దాటిపోతుంది, కూలి ఖర్చు పెరుగుతుంది, వైద్యానికి అప్పు చేయవలసి వస్తుంది. కనుక ఒంటిని చూసుకోవడం తీరికగలవాళ్ళ పని కాదు, అది కూడా సేద్యంలో భాగమే.

మంచి అలవాట్లు ఏవో మనకు తెలియక కాదు. గ్రామాల్లో ఎవరినడిగినా, "తెలుసు బాబూ, కానీ మనసు నిలవటం లేదు" అంటారు. ఎందుకు నిలవదు? నేటి కష్టానికి ఫలం రేపే కనబడదు, అది ఒక కారణం. అన్నీ ఒకేసారి మొదలుపెట్టి నాలుగో రోజున వదిలేస్తాం, ఇది రెండో కారణం. అయితే ఆలస్యంగా వచ్చే ఫలం రైతుకు కొత్త కాదు గదా! జీలుగ, జనుము చల్లి పూతకు రాగానే కలియదున్నుతాం. చూసేవాడికి అది పచ్చని పైరును మట్టిపాలు చేయడంగానే కనిపిస్తుంది. దాని బలం తర్వాత వేసే వరిలో తెలుస్తుంది. ఒంటి సంగతీ అంతే.

ఇక అలవాటు కుదరడానికి ఎంత కాలం పడుతుంది? లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని తీసుకొని, రోజూ ఒకే వేళకు ఒక చిన్న పని చేయించి పరిశీలించారు. ఆ ఫలితాలు 2010లో అచ్చయ్యాయి. పని దానంతట అదే జరిగే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టిందట. కొందరికి 18 రోజులే చాలాయి, కొందరికి 254 రోజులయ్యేట్టు లెక్క తేలింది. మంచినీళ్ళు తాగడంవంటి తేలిక పనులు త్వరగా కుదిరాయి, వ్యాయామం ఆలస్యంగా కుదిరింది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద నష్టం కలగలేదు. 66 రోజులంటే మనకు ఏం గుర్తొస్తుంది? పెసర పైరు! పెసర విత్తి కాయ కోసేంత కాలం ఓపిక పడితే ఒక అలవాటు చేతికొస్తుందన్నమాట. ఒక తడి ఆలస్యమైతే చేను దున్నేయం గదా. అట్లాగే ఒక రోజు తప్పితే మర్నాడు మళ్ళీ అందుకోండి.

అయితే ఏ అలవాటైనా గాలిలో నిలవదు. దాన్ని రోజూ చేసే పనికి కట్టేయాలి, తీగను పందిరికి ఎక్కించినట్లు. అట్లా కట్టుకోదగినవి కొన్ని చెబుతాను. ఒక్కొక్క పెసర పైరు కాలానికి ఒక్కొక్కటే ఎంచుకోండి.

మొదటిది నీళ్ళు. చెమట ఆరేటప్పుడే ఒళ్ళు చల్లబడుతుంది. నీరు తగ్గితే చెమట తగ్గుతుంది, ఒంట్లో వేడి పెరుగుతుంది. ఎండలో పనిచేసేటప్పుడు దాహం వేసేదాకా ఆగక, ప్రతి 20 నిమిషాలకు ఒక గ్లాసు చొప్పున తాగండి. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తే నీరు చాలడం లేదని గుర్తు. పొలానికి తలగుడ్డ మరవరు గదా, తలగుడ్డ తీసేచోటే నీళ్ళ సీసా కూడా పెట్టండి. చెమట బాగా పట్టినప్పుడు మజ్జిగగాని, లీటరు నీటికి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి కొలిచి కలిపినదిగాని మంచిది. రక్తపోటు, చక్కెర, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరునడిగి తీసుకోవాలి. బరువు పనులు పొద్దు ఎక్కకముందే ముగించండి. ఎండలో మనిషి మాట తడబడినా, తెలివి తప్పుతున్నా వెంటనే నీడకు చేర్చి, ఒంటికి తడిగుడ్డలు పెట్టి విసరండి, 108కి ఫోను చేయండి. తెలివిలేనివారి నోట నీళ్ళు పోయరాదు.

రెండవది చెప్పులు. బహిర్భూమికి వెళ్ళే చోట తడి మట్టిలో కొంకి పురుగు పిల్లలుంటాయి. అవి అరికాలి చర్మంలోంచి లోపలికి పోయి, పేగుల్లో చేరి రక్తం పీలుస్తాయి. మనిషి పాలిపోతాడు, పనిలో ఆయాసపడతాడు. చెప్పులు గడప దగ్గరే ఉంచండి, మరుగుదొడ్డి వాడండి. ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో బడుల్లో, అంగన్‌వాడీల్లో ఇచ్చే నులిపురుగుల మాత్ర పిల్లలచేత మింగించండి.

మూడవది పురుగుమందు జాగ్రత్త. డబ్బా మీద రంగు త్రికోణం చూడండి. ఎరుపు అన్నిటికన్న ప్రమాదకరం, తర్వాత పసుపు, ఆ తర్వాత నీలం, చివరిది ఆకుపచ్చ. ఆకుపచ్చ అన్నంత మాత్రాన తాగే నీళ్ళు కాదు సుమా! గాలికి ఎదురుగా పిచికారీ చేయవద్దు. నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదవద్దు. మందు చేతులతో బీడీ, ఆకువక్క ముట్టవద్దు. పొద్దున బయలుదేరేటప్పుడే బోరు దగ్గర సబ్బు, మారుబట్టలు పెట్టి వెళ్ళండి. పని కాగానే అక్కడే స్నానం అయిపోతుంది. మందు బట్టలు ఇంటివాళ్ళ బట్టలతో కలిపి ఉతకరాదు. వాంతులు, చొంగ, విపరీతమైన చెమట, కళ్ళు మసకబారడం కనిపిస్తే డబ్బాతో సహా ఆసుపత్రికి చేర్చండి. ఏ మందో తెలిస్తే డాక్టరు ఆలస్యం లేకుండా చికిత్స చేయగలడు.

నాలుగవది కంచం. ఇది అక్కచెల్లెళ్ళకు ముఖ్యం. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవారిలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. నాట్లూ కలుపులూ ఎవరి చేతి మీద నడుస్తున్నాయో మీకు తెలుసు. అందరూ తిన్నాక మిగిలింది తినడం మన ఇళ్ళలో ఆనవాయితీ అయింది. దాన్ని మార్చాలి, కూర ముందే పంచి పెట్టుకోవాలి. స్నానాల నీరు పోయేచోట తోటకూర, బచ్చలి, ఒక మునగ చెట్టు వేయండి. ఆకుకూరలో నిమ్మరసం పిండుకుంటే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నంతోపాటే టీ తాగితే అది పట్టదు, కనుక టీకి గంట ఎడం ఇవ్వండి. వారానికి రెండు మూడు పూటలు రాగి సంకటో, జొన్న రొట్టో చేసుకోండి. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. పాలిషు పట్టిన బియ్యంలో అది నామమాత్రమే. ఉప్పు మాత్రం మనిషికి రోజుకు 5 గ్రాములు మించరాదు. ఊరగాయ, అప్పడం కూడా ఈ లెక్కలోకి వస్తాయి.

ఐదవది పరీక్ష. ట్రాక్టరు, మోటారు సైకిలు వచ్చాక నడక తగ్గింది. రక్తపోటు, చక్కెర పట్నంవాళ్ళ జబ్బులని ఇక అనుకోవడానికి లేదు. రక్తపోటు నొప్పి లేకుండానే గుండెకు, మూత్రపిండాలకు చేటు చేస్తుంది. 30 ఏళ్ళు దాటినవారు ఏటా తొలకరికి ముందు, భూసార పరీక్షకు మట్టి తీసేనాడే ఉపకేంద్రానికి వెళ్ళి చూపించుకోండి. 140/90గాని, అంతకు మించిగాని ఉంటే డాక్టరును కలవండి.

తోటి విస్తరణ సిబ్బందికి ఒక మాట. ఉపన్యాసంతో అలవాటు కుదరదు. "ఈ ఐదింటిలో మీకు ఏది వీలవుతుంది?" అని రైతునే అడగండి. ఆయన చెప్పిందే పుస్తకంలో రాసుకొని, మళ్ళీ వెళ్ళినప్పుడు దాన్ని గురించే అడగండి. తప్పిందంటే మందలించకండి. ఏ వేళ తప్పిందో, ఎందుకు తప్పిందో కనుక్కొని వేరొక పనికి కట్టి చూడమనండి. ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు కలిసి మొదలుపెడితే ఒకరిని చూసి ఒకరు నిలబడతారు.

రైతు సోదరులారా! ఈ రాత్రే గోడ మీది క్యాలెండరులో రేపటి తేదీ దగ్గర ఒక గీత గీయండి. అక్కడి నుంచి 66 రోజులు లెక్కపెట్టి మరో గీత గీయండి. ఈ రెంటికీ నడుమ ఒకే ఒక్క అలవాటు విత్తండి. ఏది విత్తాలో ఇంట్లో ఆడవారిని కూడా సంప్రదించి తేల్చుకోండి. మీ చేనుతోపాటు మీ ఇల్లూ పచ్చగా ఉండాలని కోరుకుంటున్నాను.