విశ్వకిరణాలు తగ్గినప్పుడు
(సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రాత్రి విశ్వకిరణాలు భూమికి దగ్గరగా వస్తున్నాయని, సెల్‌ఫోన్లు ఆపేసి దూరంగా పెట్టమని ఒక సందేశం ఏళ్ల తరబడి తిరుగుతోంది. పిల్లలు దూరాన ఉన్న మనకు అర్ధరాత్రి గుండెనొప్పి వస్తే ఆ ఫోనే దిక్కు. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

విశ్వకిరణాలు కొత్తగా వచ్చేవి కావు. 1912లో విక్టర్ హెస్ బెలూన్‌లో పైకి వెళ్లి వాటి జాడ కనిపెట్టాడు. మన హైదరాబాదు నుంచి కూడా టాటా పరిశోధనా సంస్థ వారు వీటికోసం బెలూన్లు ఎగరవేశారు. ఈ క్షణంలో కూడా మన అరచేతి గుండా సెకనుకు ఒకటి రెండు మ్యూయాన్ కణాలు దూసుకుపోతున్నాయి.

1937లో స్కాట్ ఫోర్బుష్ ఒక వింత గమనించాడు. అయస్కాంత తుఫాను వేళ ఈ కిరణాలు పెరగలేదు, తగ్గాయి! సూర్యుడు విసిరిన మేఘంలోని అయస్కాంత క్షేత్రం వాటిని అడ్డుకుంటుంది. గంటల్లో తగ్గి, కోలుకోవడానికి రోజులు పడుతుంది. 2003 అక్టోబరు 29న కొన్ని కేంద్రాల్లో 20 శాతానికి పైగా తగ్గాయి.

తగ్గుదల నిజమని ఎలా తెలుస్తుంది? మన పటాన్‌చెరు రహదారిపై గంటకు సగటున 100 లారీలు పోతాయనుకోండి. ఒక గంట 90, మరో గంట 110 పోవడం మామూలే. 50కి పడిపోతే మాత్రం ఏదో జరిగిందని విచారిస్తాం. గణాంకశాస్త్రం ప్రకారం సహజమైన హెచ్చుతగ్గు లెక్కకు వర్గమూలమంత. 100కు 10, అంటే 10 శాతం. 10,000కు 100, అంటే 1 శాతమే. ఎంత ఎక్కువ లెక్కిస్తే అంత చిన్న మార్పు తెలుస్తుంది. ఊటీలోని గ్రేప్స్-3 పరికరం 560 చదరపు మీటర్ల మేర పరచుకుని రోజుకు సుమారు 400 కోట్ల మ్యూయాన్లను లెక్కిస్తుంది. వాయుపీడనం పెరిగినా ఈ లెక్క తగ్గుతుంది కనుక, ఆ వాటా సవరించి, ఇతర కేంద్రాల లెక్కలతో పోల్చాకే శాస్త్రజ్ఞులు నోరు విప్పుతారు.

కాబట్టి అలాంటి సందేశం వస్తే రెండే ప్రశ్నలు వేయండి: లెక్కపెట్టింది ఎవరు? మామూలు కంటే తేడా ఎంత? జవాబు లేకపోతే ఎవరికీ పంపవద్దు. రాత్రి ఫోను మాత్రం తలాపునే ఉంచుకోండి.