మన్రో గుర్రం, మా తలకోన
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

పోయిన జనవరిలో మా 1981-82 పదో తరగతి వాళ్ళం తలకోనకు పోయివచ్చాం. ఏర్పాట్లు చూసింది నేనే. అడవిలో ఒకరోజు యాత్రకు ఏమేం చూసుకోవాలో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. అది చెప్పాలంటే ఒక గుర్రం సంగతి చెప్పాలి.

చిన్నప్పుడు పోలియో వచ్చి నా ఎడమకాలు సన్నబడిపోయింది. ఇక్కడున్న చాలామందికి తెలుసు. పదో తరగతిలో అందరినీ తలకోనకు తీసుకుపోయినప్పుడు నన్ను వద్దన్నారు. కొండదారిలో ఎవరు ఎత్తుకుంటారని వాళ్ళ భయం. ఆ రోజు ఖాళీ తరగతిలో నాకు తోడుగా మా సోషల్ సారు ఉండిపోయారు. నాకోసం ఆయన కూడా తలకోన మానుకున్నారు.

పొద్దస్తమానం ఆయన నాకు సర్ థామస్ మన్రో గురించి చెప్పారు. 1800 నుంచి 1807 దాకా దత్త మండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్న మన్రో, గుడారాల్లో బసచేస్తూ, గుర్రం మీద ఊరూరూ తిరిగి రైతులకు శిస్తు నిర్ణయించాడు. "కాలిబలం లేకుంటే ఏమిరా, గుర్రానికి నాలుగు కాళ్ళున్నాయి. ఒక గుర్రం సంపాదించు, ఇద్దరం పోదాం తలకోనకు" అన్నారు. ఆయన నవ్వుతూ అన్నదే. నేను మాత్రం మరిచిపోలేదు.

అందుకని యాత్ర అనుకోగానే నేను గుర్రాన్ని వెతికాను. మన తిరుపతి పక్క గుర్రమంటే పెళ్ళి ఊరేగింపు గుర్రమే. దాని యజమానిని కలిసి మాట్లాడాను. తర్వాత అటవీ శాఖ వాళ్ళను అడిగాను. తలకోన ఉండేది శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలో. 353 చదరపు కిలోమీటర్ల అడవి అది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జాతీయ ఉద్యానంలోకి పెంపుడు పశువులను రానివ్వరు. లోపలికి పోవడానికి అనుమతి ఉన్న మనిషి వాహనంగా వాడుకునే పశువుకు మాత్రం మినహాయింపు ఉంది. ఆ వాక్యం చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. చట్టంలో కూడా నాకొక గుర్రం ఉంది!

ముందు ఊరి బయట చెరువు కట్ట మీద ఎక్కి చూశాను. గుర్రాన్ని ఎడమవైపు నుంచి ఎక్కడం అలవాటు. నాది ఎడమకాలే బలం లేనిది. పిట్టగోడ మీద నిలబడి కుడివైపు నుంచి ఎక్కబోతే అది బెదిరి పక్కకు జరిగింది. నాలుగోసారికి ఎక్కించారు. ఇంకో లెక్క కూడా అప్పుడే తెలిసింది. గుర్రం తన బరువులో అయిదో వంతు మోస్తే చాలంటారు. 350 కిలోల గుర్రానికి 70 కిలోలు, జీను బరువుతో కలిపి. నేనొక్కడినే 78!

దిగాక ఆ యజమాని నా చెయ్యి పట్టుకుని అన్నాడు: "అన్నా, ఇది తారురోడ్డు మీద తిరిగే జీవం. బ్యాండుకు బెదరదు, టపాకాయలకు బెదరదు. అడవిలో కొండముచ్చు అరిస్తే ఏం చేస్తుందో నాకే తెలీదు. బండల మీద గిట్ట జారితే నువ్వు పడతావు, దాని కాలు పోతుంది, నా పిల్లోళ్ళకు కూడు పోతుంది." వచ్చే బాడుగ వదులుకుని చెప్పిన మాట అది. కాదనడానికి నాకు నోరు రాలేదు.

సారుకు ఫోన్ చేసి, గుర్రం కుదరలేదు, మనిద్దరం ఇంట్లోనే ఉందాం అన్నాను. ఆయనకిప్పుడు 84 ఏళ్ళు. "ఏమిరా, పెళ్ళికొడుకు మాదిరి నన్ను గుర్రమెక్కిద్దామనుకున్నావా? దానికి చాతకాకుంటే మనం మెల్లగా నడుస్తాం. ఎంతదూరం పోతే అంతదూరం" అన్నారు.

అప్పుడు ఏర్పాట్లన్నీ మళ్ళీ మొదటి నుంచి వేశాం. ఇంతవరకు అందరికంటే చురుకైనవాడు ఎంతసేపట్లో పోతాడని లెక్క వేసుకున్నాం. ఇప్పుడు సారు, నేను ఎంతసేపట్లో పోతామని వేశాం. ఈశాన్య ఋతుపవనాల వానలు తగ్గి, బండల మీద పాచి కాస్త ఆరి, జలపాతంలో నీళ్ళు ఇంకా బాగా ఉండే జనవరిని ఎంచుకున్నాం. సంక్రాంతి రద్దీ లేని మామూలు రోజు పెట్టుకున్నాం. పొద్దున ఆరుకు తిరుపతిలో బయలుదేరి, రంగంపేట, భాకరాపేట ఘాటు, నెరబైలు మీదుగా పోయాం. సుమారు 60 కిలోమీటర్లు. నడకలో పది నిమిషాలకొకసారి కూర్చోవాలి. ఎంతదాకా పోయినా సరే, మధ్యాహ్నం రెండు గంటలకు వెనక్కి తిరగాలి. ఈ రెండూ కచ్చితం. చిత్రాన్నం, పెరుగన్నం స్టీలు క్యారియర్లలో తెచ్చుకున్నాం. కోతులకు ఒక్క మెతుకు వెయ్యలేదు.

సిద్ధేశ్వరస్వామి గుడి దాటాక నడక మొదలైంది. సారు చేతిలో కర్ర, నా చేతిలో కర్ర. కూర్చున్న ప్రతిచోటా ఏదో ఒకటి కనబడింది. చెట్టు నుంచి చెట్టుకు ఏనుగు తొండం మాదిరి పాకిన గిల్లతీగ, ఎర్రచందనం బెరడు మీది పగుళ్ళు, ఎక్కడో కొండముచ్చుల కేక. మావాళ్ళలో ఒకడు, ఇప్పుడు రిటైరైన ఆర్టీసీ కండక్టరు, అన్నాడు: "అప్పుడు పరుగెత్తుకుంటా వచ్చి, నీళ్ళలో మునిగి, పరుగెత్తుకుంటా పోయినాం. ఇవేవీ నేను చూసిందే లేదు."

మధ్యాహ్నం ఒంటిగంట దాటాక 270 అడుగుల ఎత్తు నుంచి పడే ఆ నీటిని మేమిద్దరం మొదటిసారి చూశాం. సారు ఒక బండ మీద కూర్చుని, జేబులోంచి కాగితం తీసి హాజరు పిలిచారు. మా తరగతి పట్టీ, వరుస తప్పకుండా. పోయినవాళ్ళ పేర్ల దగ్గర ఒక్క క్షణం ఆగారు. నా పేరు వచ్చింది. "ప్రెజెంట్ సార్" అన్నాను. నీళ్ళ హోరులో వినబడలేదేమో, ఇంకోసారి పిలిచారు. ఇంకోసారి చెప్పాను.

సంఘం తరఫున ఏటా ఒక అడవి నడక పెట్టాలని నా ప్రతిపాదన. అనుమతులు, బండ్లు, క్యారియర్లు నేను చూసుకుంటాను. రాదలచినవాళ్ళు బయట బల్ల దగ్గరున్న పుస్తకంలో పేర్లు రాయండి. నడవలేమేమో అని సందేహపడేవాళ్ళు ముందు రాయండి. మిగతా లెక్కలు మీ పేర్లు చూశాకే వేస్తాను.