వాగుకు ఇరువైపుల ఒక ఊరు

ఇరువదవ శతాబ్దమున ప్రపంచమును రెండు శిబిరములుగా చీల్చిన వైరమును గూర్చి మాటలాడునపుడు అందరును బెర్లిన్ నగరము పేరే చెప్పుదురు. అది మహానగరము. పత్రికలవారును, ఛాయాగ్రాహకులును అచ్చటనే యుండిరి. అందుచే బెర్లిన్ గోడ లోకప్రసిద్ధమైనది. కాని జర్మనీ దేశమును రెండు ముక్కలు చేసిన సరిహద్దు పొడవు సుమారు 1,400 కిలోమీటర్లు. అది చాలవరకు పొలముల మీదుగా, అడవుల గుండా, పల్లెల ప్రక్కగా పోయెను. ఒకచోట నొక చిన్న పల్లె నడుమ నుండియే పోయెను. ఆ పల్లె పేరు మ్యోడ్లరాయిట్. దాని కథయే నేటి ప్రసంగమునకు విషయము.

బవేరియా రాష్ట్రపు ఈశాన్య మూలనున్న హోఫ్ పట్టణమునకు ఉత్తరముగా, కొలది దూరములో ఈ పల్లె యున్నది. జనసంఖ్య యాభైకి అటు నిటు. మిట్టపల్లముల నేల, చలికాలమున మంచు మెండు. వ్యవసాయమును, పశుపోషణయు అనాదిగా ఇచ్చటివారి వృత్తులు. ఆ ప్రాంతపు ఊళ్ల పేర్ల చివర 'రాయిట్' అను మాట తరచుగా వినవచ్చును. అడవిని నరికి, మొదళ్లు పెకలించి, సాగునకు తెచ్చిన చోటని దాని యర్థము. ఎన్నడో కొందరు రైతులు గొడ్డళ్లు చేతబట్టి యడవిలోనికి వచ్చి నిలువగా ఏర్పడిన ఊరన్నమాట. ఊరి నడుమ టాన్‌బాఖ్ అను వాగు పారును. దానిని నది యనుటకు వీలులేదు. పరుగెత్తి వచ్చిన పిల్లవాడు ఒక్క గంతున దాటగలడు.

ఈ వాగు చిరకాలముగా ఎల్లయై యుండెను. 1810 లో బైరాయిట్ సంస్థానము బవేరియా రాజ్యములో చేరినది. అప్పుడు వాగు వెంబడి ఎల్లరాళ్లు పాతిరి. వాటిపై ఒక వంక బవేరియా రాజ్యమును, రెండవ వంక రాయిస్ సంస్థానమును సూచించు పొడి యక్షరములు చెక్కబడినవి. ఒక యొడ్డున ఒక రాజు, రెండవ యొడ్డున మరియొక ప్రభువు. పన్నులు చెల్లించు కచేరీలు వేరు. తీర్పు చెప్పు న్యాయాధికారులు వేరు.

అయినను ఊరివారు ఊరిని రెండుగా ఎంచలేదు. ఊరికి బడి ఒక్కటే. అది రాయిస్ వైపున నుండెను. సాయంకాలమున రైతులు చేరి బీరు త్రాగుచు మంచిచెడ్డలు చెప్పుకొను పానశాలయు ఆ వైపుననే యుండెను. ఆదివారము ప్రార్థనకు మాత్రము అందరును బవేరియా వైపున నున్న ట్యోపెన్ గ్రామపు చర్చికి పోవుచుండిరి. వాగుకు ఈవలి పిల్లను ఆవలి పిల్లవానికి ఇచ్చి పెండ్లి చేయుచుండిరి. ఒకే రైతుకు ఈ యొడ్డున నొక చెక్క, ఆ యొడ్డున నొక చెక్క పొలము లుండెను. ఉదయము పలక పట్టుకొని బడికి పోవు పిల్లలకు ఒక రాజ్యము విడిచి మరియొక రాజ్యములో అడుగిడుచున్నామన్న తలంపే కలిగియుండదు.

మొదటి ప్రపంచయుద్ధము ముగియుటతో, 1918 లో, జర్మనీలో రాజులును ప్రభువులును సింహాసనములు విడిచిరి. 1920 లో రాయిస్ మొదలుగాగల చిన్న సంస్థానములు కలసి థ్యూరింగియా రాష్ట్రమైనవి. పాలకుల పేర్లు మారెనే గాని వాగు ఎల్లగానే నిలిచెను. ఊరి యలవాట్లును అట్లే నిలిచెను.

ఆ యెల్లకు క్రొత్త బలము వచ్చినది ఊరివారి వలన గాదు. రెండవ ప్రపంచయుద్ధ మింకను ముగియక మునుపే, 1944 లో, మిత్రరాజ్యముల ప్రతినిధులు లండన్ నగరమున సమావేశమై, ఓడిన జర్మనీలో ఏ సైన్యము ఎంతమేర ఆక్రమింపవలెనో నిర్ణయించిరి. ఆ మండలములకు చాలవరకు పాత రాష్ట్రముల యెల్లలనే హద్దులుగా గైకొనిరి. బవేరియా అమెరికా వారి పాలైనది. థ్యూరింగియా సోవియట్ వారి పాలైనది. పటముపై సులభమైన ఏర్పాటే. ఆ గీత క్రింద ఒక పల్లెయు, ఒక బడియు, రెండు వైపుల పొలములుగల రైతులును ఉన్నారని పటము చెప్పదు. 1945 జూలైలో సోవియట్ సైన్యములు థ్యూరింగియాలో ప్రవేశించినవి. 1949 లో పడమటి మూడు మండలములు కలసి ఒక దేశముగను, సోవియట్ మండలము వేరొక దేశముగను ఏర్పడినవి. టాన్‌బాఖ్ వాగు రెండు దేశముల నడిమి సరిహద్దైనది.

మొదట కొన్ని యేండ్లు రాకపోకలు పూర్తిగా ఆగలేదు. అనుమతి చీటి చూపి రైతు వాగు దాటి తన పొలమునకు పోగలుగుచుండెను. 1952 మే 26 న తూర్పు జర్మనీ ప్రభుత్వము వెలువరించిన ఉత్తరువుతో ఆ చీటికి విలువ పోయినది. సరిహద్దు వెంబడి 10 మీటర్ల వెడల్పున నేలను దున్ని, ఎవరి యడుగుజాడ పడినను తెలియునట్లు చేసిరి. సరిహద్దు నుండి 500 మీటర్ల వరకు కట్టుదిట్టమైన కాపుదల గల పట్టీగను, 5 కిలోమీటర్ల వరకు నిషిద్ధ మండలముగను ప్రకటించిరి. అనుమతి లేనిదే బయటివారు ఆ మండలములో అడుగిడరాదు. తూర్పు మ్యోడ్లరాయిట్ యావత్తును ఆ 500 మీటర్ల పట్టీలో పడినది. ఆ వైపున నున్న కుటుంబమును చూడవలెనన్నచో తూర్పు జర్మనీలోనే యున్న బంధువులు సైతము అధికారులకు అర్జీ పెట్టుకొనవలసి వచ్చెను.

ఆ వేసవిలోనే మరియొక సంఘటన జరిగినది. ప్రభుత్వమునకు నమ్మకము లేని కుటుంబములను సరిహద్దు ప్రాంతము నుండి బలవంతముగా తరలించిరి. సరిహద్దు పొడవునను ఇట్లు ఇల్లు వాకిళ్లు విడిచిపోవలసి వచ్చినవారు 8,000 కు పైబడిరి. మ్యోడ్లరాయిట్ వారును అందు కలరు. సామాను సర్దుకొనుటకు ఇచ్చిన వ్యవధి స్వల్పము. ఎచ్చటికి కొనిపోవుచున్నారో ముందుగా చెప్పలేదు. తాతముత్తాతల నాటి కొట్టమును, పశువులను, సాగులోనున్న చేనును విడిచి లారీ యెక్కుట రైతునకు ఎట్టిదో వేరుగా వర్ణింప నక్కరలేదు. మిగిలినవారికి ఆ భయము ఎన్నటికిని పోలేదు. నేడు ప్రక్కయింటికి వచ్చిన లారీ రేపు తమ వాకిట నిలువవచ్చును గదా!

బవేరియా వైపు పిల్లలు కనుచూపు మేరలోనున్న బడిని విడిచి ట్యోపెన్ గ్రామపు బడికి పోవలసి వచ్చెను. పడమటివారికి పానశాల దూరమైనది. తూర్పువారికి చర్చి దూరమైనది. మొదట మనిషి యెత్తున కొయ్యపలకల కంచె వేసిరి. పిదప ముళ్లతీగ వచ్చెను. తుదకు 1966 లో, బెర్లిన్ గోడ పుట్టిన అయిదేండ్లకు, 700 మీటర్ల పొడవున, మూడు మీటర్లకు మించిన యెత్తున కాంక్రీటు గోడ లేచినది. రాత్రులందు పెద్ద దీపముల కాంతిలో దానిని కాచుచుండిరి. అమెరికా సైనికులు ఈ యూరిని 'లిటిల్ బెర్లిన్' అని, అనగా చిన్న బెర్లిన్ అని పిలువసాగిరి. 1983 ఫిబ్రవరిలో అమెరికా ఉపాధ్యక్షుడు జార్జ్ బుష్ వచ్చి ఆ గోడను చూచి పోయెను.

నగరములోని గోడ వేరు, పల్లెలోని గోడ వేరు. నగరమున ఆవలి వీధివారందరు మనకు తెలిసియుండరు. పల్లెలో అట్లు గాదు. ఆవల పొగ లేచుచున్నది ఎవరి పొయ్యి నుండియో, ఎవరి కొట్టములో ఆవు అరచుచున్నదో ఈవలివారికి తెలియును. వారిలో తన మేనమామ యుండవచ్చును. తనతో నొకే బల్లపై కూర్చుండి చదివిన నేస్తము ఉండవచ్చును. కాని తూర్పువైపు వారు గోడ మీదుగా పలుకరించుట నిషిద్ధము. చేయి యూపుటయు నిషిద్ధమే. పడమటినుండి బంధువు చేయి యూపినపుడు తూర్పువాడు చూడనట్లు తల త్రిప్పుకొని పోవలెను. ఇట్లు నెలలు గాదు, దశాబ్దములు గడచినవి. 1973 లో ఒక వ్యక్తి నిచ్చెన వేసి ఆ గోడ నెక్కి పడమటికి దాటగలిగెను.

ఆ యేటి నుండియే రెండు దేశముల నడుమ కుదిరిన ఒప్పందము వలన పడమటి సరిహద్దు జిల్లాలవారికి తూర్పునకు పోయివచ్చుటకు కొంత వెసులుబాటు కలిగినది. కాని నిషిద్ధ పట్టీలోని ఊళ్లకు అది వర్తింపలేదు. దాని ఫలితము విచిత్రముగా నుండెను. పడమటి మ్యోడ్లరాయిట్ వాసి దూరపు తనిఖీ ద్వారము గుండా చుట్టు తిరిగి తూర్పు జర్మనీలోని పట్టణమును చూడగలడు. తన యింటి యెదుట, వాగుకు ఆవలనున్న మ్యోడ్లరాయిట్‌కు మాత్రము పోలేడు.

1989 నవంబరు 9 న బెర్లిన్ గోడ తెరువబడినది. మ్యోడ్లరాయిట్ వారు మరియొక నెల వేచియుండవలసి వచ్చెను. డిసెంబరు 9 న వారి గోడలోను ద్వారమేర్పరచి, కాలినడకన పోవువారిని విడిచిరి. 37 ఏండ్ల తరువాత ఒకే యూరివారు కొన్ని యడుగులు నడచి ఒకరి నొకరు చేరుకొనిరి. 1952 లో బడి మారిన పిల్లలకు అప్పటికి నడివయస్సు వచ్చియుండెను. నాటి పెద్దలలో పలువురు ఆ దినమును చూడకయే పోయిరి. 1990 జూన్ 17 న గోడలో చాలభాగమును యంత్రముతో కూల్చిరి. ఆ యేటి అక్టోబరు 3 న జర్మనీ ఏకదేశమైనది.

గోడనంతటిని కూల్చలేదు. దాదాపు 100 మీటర్ల భాగమును అట్లే నిలిపి, అచ్చట నొక మ్యూజియము నెలకొల్పిరి. ఇంత దుఃఖము కలిగించిన దానిని ఆనవాలు లేకుండ చేయక నిలుపుట యెందుకని కొందరికి తోచవచ్చును. కాని గోడ కూలిన పిమ్మట పుట్టినవారు ఇపుడు పెద్దవారైనారు. వారి కంటికి టాన్‌బాఖ్ ఒక చిన్న వాగు మాత్రమే. దాని ప్రక్కన ఆ గోడ నిలిచియుండనిచో, ఇంత చిన్న వాగును దాటుట ఒకనాడు ప్రాణాపాయమైన పని యని చెప్పినను వారు నమ్మజాలరు.

మరి ఇపుడు ఊరు ఒకటైనదా? కచేరీ లెక్కలలో కాలేదు. నేటికిని ఒక యొడ్డు బవేరియా రాష్ట్రములోని ట్యోపెన్ పంచాయతీకిని, రెండవ యొడ్డు థ్యూరింగియా రాష్ట్రములోని గెఫెల్ పురపాలకమునకును చెందియున్నవి. యాభై మందికి ఇద్దరు మేయర్లు. తపాలా సంఖ్యలు రెండు. టెలిఫోను సంకేతములు రెండు. పడమటివారు 'గ్రూస్ గాట్' అని దేవుని పేరిట పలుకరింతురు. తూర్పువారు 'గూటెన్ టాగ్' అని శుభదినము కోరుదురు. జనవరి 6 న ముగ్గురు రాజుల పండుగకు బవేరియా వైపున సెలవు, థ్యూరింగియా వైపున పని. అక్టోబరు 31 న మత సంస్కరణ దినమునకు థ్యూరింగియా వైపున సెలవు, బవేరియా వైపున పని.

ఇందు గమనింపదగిన సంగతి యొకటి కలదు. 1810 లో రాళ్లు పాతిన పిమ్మట 142 ఏండ్లు ఆ యెల్ల యుండెను. ఊరు మాత్రము చీలలేదు. ఆ పైన 37 ఏండ్లు అదే యెల్ల ఊరిని చీల్చి యుంచినది. నేడును ఆ యెల్ల అచ్చటనే యున్నది; ఊరివారి రాకపోకలకు అడ్డులేదు. కనుక ఊరిని విడదీసినది వాగు గాదు, రాళ్లును గావు. పొరుగువానిని పలుకరించుట నేరమని చెప్పిన శాసనము, దానికి కాపలా నిలిచిన తుపాకులు విడదీసినవి. ఎల్లలు లేని లోకము ఎన్నడు వచ్చునో చెప్పలేము. ఎల్ల యున్నను దానిని దాటి బడికి పోవుటకు, పెండ్లికి పోవుటకు, పొలమునకు పోవుటకు దారి విడిచినచో ఊరు ఊరుగానే యుండునని మాత్రము యాభైమంది గల ఈ చిన్నపల్లె చరిత్ర మనకు చెప్పుచున్నది.